కవిత్వం, కట్టడం: పదో సర్గలో గ్రాంసీ

గ్రాంసీ పేరు యెత్తకుండా అట్టడుగు వర్గాల చరిత్ర మీద పేపరు రాసేవాళ్లు యివాళ అరుదు. 1982లో రణజిత్ గుహ సంపాదకత్వంలో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటం వచ్చినప్పట్నుంచి ఆ మాట మన యూనివర్సిటీల్లో చలామణి అవుతోంది. అయితే ఆ గ్రాంసీ మన దగ్గరికి సగమే వచ్చాడు. 1971లో ఇంగ్లీషులో వచ్చిన జైలు నోటుబుక్కుల యెంపికలో మేధావులు, రాజ్యం, తత్వశాస్త్రం వున్నాయి. డాంటే మీద, పిరాండెల్లో నాటకాల మీద, జనం యెగబడి చదివే సీరియల్ నవలల మీద ఆయన రాసుకున్నవి వేరే సంపుటంగా రావడానికి 1985 దాకా పట్టింది. మేం చూసినంతలో పొలిటికల్ సైన్సు వాళ్లు మొదటి పుస్తకం చదువుతారు, సాహిత్య విభాగం వాళ్లు రెండోదాన్ని ముట్టరు. సాహిత్యాన్నీ ఆలోచననీ విడగొట్టే యే పద్ధతితో గ్రాంసీ జైల్లో కూచుని తలపడ్డాడో, ఆ పద్ధతే చివరికి ఆయన రాతలకీ దాపురించింది.

ఆ పద్ధతికి పెద్దదిక్కు బెనెడెట్టో క్రోచే. డిగ్రీ లేదు, ఆచార్య పదవి లేదు, ఆస్తి వుంది. అయినా ఇటలీ యూనివర్సిటీల్లో యేది సాహిత్యమో దశాబ్దాల పాటు ఆయన మాటే తేల్చింది. 1920-21లో విద్యామంత్రి కూడా. కవిత్వం అంటే సహజస్ఫూర్తి, భావనలు పుట్టకముందటి జ్ఞానం అని 1902లో ‘ఈస్తటిక్’లో సిద్ధాంతం చేశాడు. 1921లో డాంటే మీద రాసిన పుస్తకంలో ఆ కత్తే వాడాడు. ‘డివైన్ కామెడీ’లోని మతసిద్ధాంతం, నరకం పటం, శిక్షల లెక్క - యివన్నీ ‘నిర్మాణం’. దాని మీద అక్కడక్కడా తీగలా అల్లుకున్నది కవిత్వం. పాఠకుడు తీగ చూస్తే చాలు, గోడ సంగతి పండితులు చూసుకుంటారు. లెయొపార్దిదీ యిదే గతి. నాలుగువేల అయిదొందల పేజీల పైచిలుకు ఆలోచనల పుస్తకం రాసుకున్న మనిషిని పట్టుకుని, ఆయన నిరాశకి తాత్విక విలువ లేదని క్రోచే కొట్టిపారేశాడు.

విచిత్రమేమంటే ఇటలీ యూనివర్సిటీలో సాహిత్యం, తత్వశాస్త్రం వున్నది ఒకే కప్పు కింద. ఆ ఫాకల్టీ పేరే ‘సాహిత్యం, తత్వశాస్త్రం’. (2010 చట్టంతో ఫాకల్టీలు పోయి డిపార్టుమెంట్లు మిగిలాయి.) కానీ ఆ కప్పు కిందికి రానిచ్చింది యెవర్ని? 1923లో జెంటీలే తెచ్చిన సంస్కరణ లాటిన్, గ్రీకు చదివిన క్లాసికల్ హైస్కూలు పిల్లలకే ఆ తలుపు తెరిచింది. పని నేర్చుకునే బళ్లకి పోయిన కూలీల పిల్లలకి తత్వశాస్త్రం పాఠమే లేదు.

గ్రాంసీ సార్డీనియా దీవివాడు, చిన్న గుమాస్తా కొడుకు. తండ్రి జైలుకి పోతే పదకొండేళ్లకే ఆఫీసులో బరువైన రిజిస్టర్లు మోశాడు. 1911లో నెలకి 70 లీరాల స్కాలర్‌షిప్పు మీద ట్యూరిన్ యూనివర్సిటీకొచ్చి, చలికీ ఆకలికీ ఒళ్లు చెడగొట్టుకుని, 1915 తర్వాత పరీక్షలు రాయకుండానే చదువు వదిలేశాడు. స్కాలర్‌షిప్పు డబ్బులు యెప్పుడు పడతాయా అని చూసే మనవాళ్లకి యీ కథ విప్పి చెప్పక్కర్లేదు. అయితే పోలిక అక్కడితో ఆపాలి. సార్డీనియా పేదకి వెలివాడ లేదు.

అక్కడ ఆయనకి ఇటాలియన్ సాహిత్యం చెప్పిన గురువు ఉంబెర్తో కోస్మో, డాంటే పండితుడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం గ్రాంసీని అరెస్టు చేసింది. యిరవై యేళ్ల పైన శిక్ష పడ్డాక జైలుగదిలో ఆయన చేతికి తీసుకున్న పనుల్లో ఒకటి నరకభాగం పదో సర్గ. 1931 సెప్టెంబరులో వదిన టటియానాకి రాసిన ఉత్తరంలో ఆ వ్యాసం నమూనా గీసి, కోస్మోకి చేర్చమన్నాడు. గురువు జవాబు కూడా వచ్చింది.

ఆ సర్గలో మండే సమాధులున్నాయి. శరీరంతోపాటే ఆత్మా చస్తుందని నమ్మినవాళ్లకి ఆ శిక్ష. ఒక సమాధిలోంచి ఫరినాతా లేచి నిలబడతాడు; ఫ్లోరెన్సు రాజకీయాల్లో ఓడినా తల వంచని నాయకుడు. పక్కనే కవల్‌కాంతే గడ్డం దాకా పైకొచ్చి, నీ పక్కన నా కొడుకేడీ అని అడుగుతాడు. కొడుకు గ్విదో, డాంటే స్నేహితుడు, తనూ కవే. డాంటే జవాబులో గ్విదో గురించి ఒక క్రియాపదం భూతకాలంలో పడుతుంది. అంతే. కొడుకు చచ్చిపోయాడనుకుని తండ్రి వెల్లకిలా పడిపోతాడు, మళ్లీ కనపడడు. గ్విదో అప్పటికింకా బతికే వున్నాడు.

దె సాంక్టిస్ దగ్గర్నుంచి విమర్శకులంతా యీ సర్గని ఫరినాతాదిగా చదివారు. గ్రాంసీ చూపు పడిపోయినవాడి మీద ఆగింది. తర్వాత ఫరినాతా వివరిస్తాడు: యిక్కడున్నవాళ్లకి దూరపు భవిష్యత్తు కనపడుతుంది, దగ్గరికొచ్చేకొద్దీ మసకబారుతుంది, వర్తమానం అసలే తెలియదు. క్రోచే లెక్కన యిది ఉత్త నిర్మాణం, నరకం రూల్సు. గ్రాంసీ అంటాడు: యీ రూలు తీసేస్తే ఆ తండ్రి దుఃఖం మనకి అర్థమే కాదు. కొడుకు బతికున్నాడో లేదో తెలియకపోవడమే అతని శిక్ష. కాబట్టి నిర్మాణమే యిక్కడ కవిత్వం. సిద్ధాంతం కన్నీటికి అడ్డం రాలేదు, కన్నీరు సిద్ధాంతంలోంచే పుట్టింది.

మా దృష్టిలో గ్రాంసీ సగం దూరమే నడిచాడు. క్రోచేని ఓడిస్తూనే క్రోచే మాటలే వాడాడు. కవిత్వం, నిర్మాణం అనే రెండు గళ్లనీ చెరిపెయ్యలేదు. మనిషన్నవాడు ప్రతివాడూ భాషలో, లోకజ్ఞానంలో, నమ్మకాల్లో తత్వవేత్తేనని మరోచోట తనే రాసినా, దాన్ని పదో సర్గ దాకా తేలేదు.

యిదంతా మనకెందుకంటే, క్రోచే కత్తి మన సెమినారు గదుల్లోనూ వుంది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చినప్పుడు దళిత కవిత్వం మీద పడ్డ నింద తెలిసిందే: ఆవేదన వుంది, ఆగ్రహం వుంది, కవిత్వం తక్కువ, నినాదం యెక్కువ. మాకు పాఠం చెప్పిన ఒకాయన జాషువా ‘గబ్బిలం’లో కరుణరసం వరకు మెచ్చుకుని, కర్మ మీద వాదించిన పద్యాల దగ్గరికొచ్చేసరికి యివి ఉపన్యాసంలే అని పేజీ తిప్పేశారు. తీగ వాళ్లు వుంచుకుంటారు, గోడ మనది గనక పనికిరాదు!

1941 నాటి ఆ కావ్యంలో అరుంధతీయుడు కాళిదాసు యక్షుడిలా మేఘాన్ని పంపడు, గబ్బిలాన్ని పంపుతాడు. యెందుకని? గుడిలో తనకి చోటు లేదు, గబ్బిలానికుంది. యీ ఒక్క రూలు మీద కావ్యమంతా నిలబడింది. యెవరి కర్మ, యెవరు రాసిన కర్మ అనే తర్కం ఆ రూలుకి కొనసాగింపు. ఆ వాదం పద్యాలు కొట్టేసి, గబ్బిలం శివుడి దగ్గరికి యేం మోసుకెళుతోందో చెప్పమనండి.