బయల్దేరే ముందు మాట

పక్కింటివారి మనవడు పైలట్ శిక్షణలో ఉన్నాడు. మొన్న ఆదివారం ఏఎస్ రావు నగర్ వచ్చాడు. టేకాఫ్‌కు ముందు ప్రతిసారీ పైకే చెప్పుకుంటాడట: "రన్‌వే మీదుండగా ఇంజిన్ ఆగితే బ్రేకులు వేస్తాను. లేచాక ఆగితే ముక్కు దించి ఎదురుగా ఉన్నచోటే దిగుతాను. వెనక్కి తిరగను." వాళ్ల నానమ్మ చెవులు మూసుకుంది. "బయల్దేరేటప్పుడు అవేం మాటల్రా!"

నాకూ నచ్చలేదు, వేరే కారణంతో. చెయ్యి తిరిగినవాడికి మాటతో పనిలేదని ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను.

ఆ అబ్బాయి అరచేతిని విమానంలా పైకి వాల్చి చూపించాడు. ఎక్కేటప్పుడు ముక్కు పైకుంటుంది. ఇంజిన్ ఆగిందంటే క్షణాల్లో వేగం పడిపోతుంది. నేల ముంచుకొస్తుంటే చెయ్యి తనంతట తానే ముక్కు పైకెత్తబోతుంది. ఎత్తితే రెక్కలు గాలిమీద పట్టు కోల్పోతాయి. వెనక వదిలొచ్చిన రన్‌వే రమ్మంటున్నట్టే ఉంటుంది. కానీ మలుపు తీసుకునేంత ఎత్తుండదు, రెక్క వాల్చి తిరిగితే ఆ పట్టు ఇంకా ముందే తప్పుతుంది.

అంటే అక్కడ చేతిని నమ్మకూడదు. ముందే చెప్పిపెట్టుకున్న మాటే దాన్ని ఆపాలి. నా పాత వాదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాయడానికే ఈ వారం కూర్చున్నాను.

కూర్చోగానే దుండిగల్ గుర్తొచ్చింది. అక్కడి వైమానిక దళ అకాడమీలో కుర్రాళ్లకు మొదటి పాఠాలు నేర్పిన విమానం హెచ్‌పీటీ-32, పేరు దీపక్. తయారుచేసింది మన హిందుస్థాన్ ఏరోనాటిక్సే. గాల్లో ఇంజిన్ ఆగిపోవడమనే జబ్బు దాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. ఇంజిన్ ఆగాక తేలుతూ దిగే గుణమూ తక్కువే. 2009 జులైలో మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఇద్దరూ శిక్షకులే, ఈ పాఠం పిల్లలకు నేర్పేవాళ్లే. ఆ తర్వాతే దాన్ని ఎగరనివ్వడం మానేశారు. అప్పటికి 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు పోయారు. దాని స్థానంలోకి స్విట్జర్లాండ్ పిలాటస్ విమానం వచ్చింది 2013లో.

వాళ్లకు మాట తెలియకనా? చెయ్యి తిరగకనా? ఆగిపోయే ఇంజిన్‌ను అన్నేళ్లు ఎగరనిచ్చి, ఆగాక ఏం చెయ్యాలో పైలట్‌కు నేర్పుతూ కూర్చోవడం అన్యాయం. ఆ భారం మెకానిక్‌ది, తయారీదారుది, ఎగరమని సంతకం పెట్టినవాళ్లది.

సాయంత్రం ఆ అబ్బాయిని మళ్లీ పిలిచి, ఎక్కేముందు ఇంకేం చేస్తావని అడిగాను. "ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు చిన్న గ్లాసులోకి వంపుకుని చూస్తాను తాతయ్యా. నీళ్లుంటే కిందికి దిగి విడిగా కనబడతాయి."

"కనబడితే?"

"నీళ్లు పోయేదాకా వంపుతాను. పోకపోతే ఎక్కను."

నానమ్మ ఈసారి చెవులు మూసుకోలేదు.