మట్టి చేతికందితే

మోకాళ్లు అరిగిపోయాక మా అమ్మ పెరట్లోకి దిగడం మానేసింది. ఆ ఏడే గోంగూర మడి పోయింది, మరుసటేడు పొట్లపాదు. తులసి కోట మాత్రం పచ్చగానే ఉంది. దానికోసం వంగక్కర్లేదు మరి. ఓ చెయ్యి అంచుకు ఆనించి, నిలబడే మట్టి గుల్ల చేసేది, ఎండిన వెన్నులు తుంచేది. అమ్మకు ఓపిక తగ్గలేదు, నేలే దూరమైంది.

ఎత్తు మడుల కిటుకంతా ఆ కోటలోనే ఉంది. కొలతలు మాత్రం మనిషిని బట్టి తీయాలి. నిలబడి పనిచేసేవారికి 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు కుదురుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారికి 60 చాలు. ఒకవైపు నుంచే అందుకోవాలంటే వెడల్పు 60 మించకూడదు, రెండువైపులా దారి ఉంటే 120 దాకా పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు మోకాళ్ల దగ్గర వస్తుంది. గోడ కట్టిన మడికి కుర్చీ ఎదురుగా ఆనదు. పక్కగా ఆపుకుని, నడుము మెలితిప్పి పనిచేయాలి. కాసేపటికే నొప్పి మొదలవుతుంది. బల్లలాంటి తొట్టి అయితే కాళ్లు కిందికి దూరతాయి. కానీ మోకాళ్లకు 70 సెంటీమీటర్లు వదిలి, ఆపైన జానెడు మట్టి పోస్తే అంచు ఛాతీ దాకా వచ్చేస్తుంది. దీనికి మంచి ఉపాయం, తొట్టి అడుగును వాలుగా చేయడం. మనిషి వైపు బెత్తెడు లోతు, అవతల జానెడున్నర. పాదాల మీద అంత ఖాళీ అక్కర్లేదు కాబట్టి ఆ లోతు అడ్డురాదు. ముందు మెంతి, కొత్తిమీర. వెనక వంగ, టమాటా.

అమెరికాలో షికాగో బొటానిక్ గార్డెన్‌లో 1999లో తెరిచిన బ్యూలర్ ఎనేబ్లింగ్ గార్డెన్‌లో ఎత్తు మడులతో పాటు వేలాడే కుండీలకు కప్పీలు ఉన్నాయి. తాడు వదిలితే పూలకుండీ ఒళ్లోకి దిగివస్తుంది. అక్కడ ఉద్యాన చికిత్స నిపుణుడిగా పనిచేసిన జీన్ రాథర్ట్ తానూ చక్రాల కుర్చీ మనిషే. ఆ కుర్చీలో కూర్చుని చూసిన కన్ను లేకుండా ఇలాంటి తోట కుదరదని నా గట్టి నమ్మకం.

మన ఇళ్లలో మడికన్నా ముందు గడప అడ్డం. 15 సెంటీమీటర్ల మెట్టుకు కనీసం 180 సెంటీమీటర్ల పొడవు వాలు కావాలి. బాటకు నునుపు బండలు వేయొద్దు, వానాకాలం పాచి పడితే చేతికర్ర కూడా జారుతుంది. కుర్చీ తిరగడానికి మలుపులో మీటరున్నర చోటు వదలాలి.

మిద్దె మీదైతే బరువు చూసుకోవాలి. తడి మట్టి ఘనమీటరు టన్నున్నర దాటుతుంది. కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు కలిపితే చాలా తేలికవుతుంది. అయినా ఇంజనీరును అడగకుండా తొట్లు ఎక్కించొద్దు.

మేం వంటింటి వెనక గచ్చు మీదే ఇటుకతో ఒక తొట్టి కట్టించాం. అమ్మ ముందుగా గోంగూర గింజలు తెమ్మంది.