కార్టూను చిత్రాలలో క్రైస్తవ ప్రతీక

కార్టూను చిత్రం అనగానే తెలుగు పాఠకుని మనస్సులో పిల్లి, ఎలుక, సుత్తిదెబ్బ, పిల్లల కేరింతలు మెదలుతాయి. కృప, పశ్చాత్తాపం, పునరుత్థానం వంటి మాటలకు అక్కడ చోటున్నదంటే అతిశయోక్తిగా తోచవచ్చును. ఐనను పాశ్చాత్య దేశాలలో ఈ విషయంపై వెలువడిన వ్యాఖ్యలు కొల్లలు. వాటిలో అధికభాగం ఒకే బాటలో నడుస్తాయి. మూడు వస్తువులు కలిసి కనబడితే త్రిత్వమంటారు. నీట మునిగి లేచినవాడు బాప్తిస్మం పొందినాడంటారు. చేతులు చాచి పడిపోయినవాడు సిలువ మోసినాడంటారు. ఈ లెక్క ముగిసేసరికి చిత్రం ఎక్కడనో తప్పిపోతుంది. ఈ జాడ్యం ఆ వ్యాఖ్యాతలకే పరిమితం కాదు. ఆధునిక తెలుగు కవిత్వాన్ని ప్రతీకల పట్టికగా చదివే విమర్శ కూడా ఇదే పని చేస్తున్నది గనుక, దూరపు ఉదాహరణమైనా దీనిని పరిశీలించడం నిష్ప్రయోజనం కాదు.

ప్రతీక ఉన్నదా, లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఉన్న ప్రతీక ఆ రచనలో ఏమి చేస్తున్నది? వాచ్యంగా నిలిచి బోధ చేస్తున్నదా, అలంకారమై మెరుస్తున్నదా, లేక ఆనందవర్ధనుడు చెప్పిన ప్రతీయమానార్థానికి ద్వారం తెరుస్తున్నదా? ఈ భేదం పాటించనిదే ఈ చర్చ ముందుకు సాగదు.

నవ్వించే బొమ్మ పవిత్రవిషయాన్ని మోయగలదా అన్న శంక తెలుగువారికి కొత్తది కారాదు. తోలుబొమ్మలాటలో సీతారాములు నిలిచిన తెరమీదనే కేతిగాడు, బంగారక్క మోటు సరసాలాడుతారు. రామాయణం వినడానికి వచ్చిన ఊరు ఆ సరసానికి విరగబడి నవ్వుతుంది. మరుక్షణంలో సీత దుఃఖానికి కన్నీరు పెడుతుంది. దీపపు వెలుగొకటే, తెర ఒకటే. హాస్యం భక్తికి విఘ్నమన్న భావం ఆ ప్రేక్షకులకు లేదు. అమెరికాలో 1993లో మొదలైన 'వెజీటేల్స్' అన్న చిత్రమాల కూరగాయల చేత బైబిలు కథలు ఆడించింది. టమాటా, దోసకాయ అందులో ప్రధానపాత్రలు. ఐనను యేసుక్రీస్తును కూరగాయగా చూపరాదని ఆ నిర్మాతలు తమకు తామే నియమం పెట్టుకొన్నారు. కేతిగాడు రామునితో కలిసి తెరమీదికి రావచ్చును గాని రాముడు కేతిగాడు కారాదన్న మర్యాద వంటిదే ఇది. జపానుకు చెందిన తత్సునోకో సంస్థ 1981లో నిర్మించిన 'సూపర్‌బుక్' వంటి మాలలు సరాసరి బైబిలు కథనే చెబుతాయి. వాటి ప్రయోజనం వాటికున్నది. అక్కడ ప్రతీక యావత్తు వాచ్యమే గనుక విమర్శకునికి పని తక్కువ.

పని ఎక్కువగా ఉన్నది వేరొక చోట. 1940 ఫిబ్రవరిలో డిస్నీ సంస్థ 'పినోకియో' చిత్రాన్ని విడుదల చేసింది. కొయ్యబొమ్మ తండ్రిని వెదుకుతూ సముద్రంలోకి పోవడం, మహామత్స్యం కడుపులో అతనిని కలుసుకోవడం, తండ్రిని రక్షించి తాను మరణించడం, తిరిగి నిజమైన బాలుడై లేవడం అందరికీ తెలిసిన కథ. యోనా ప్రవక్త కథ, పునరుత్థానం ఇందులో ఉన్నవని పలువురు వ్రాసినారు. కాదనలేము. ఐతే 1883లో పుస్తకరూపం ధరించిన కొల్లోడి ఇటాలియన్ మూలంలో ఆ జంతువు తిమింగిలం కాదు, సొరచేప. దానిని తిమింగిలంగా మార్చినవారు డిస్నీ కళాకారులు. సామాన్య అమెరికన్ ప్రేక్షకునికి చేప కడుపు అనగానే యోనా, యోనా అనగానే తిమింగిలం స్ఫురిస్తాయి గనుక ఆ మార్పుతో కథ బైబిలుకు ఒక అడుగు దగ్గరయినది. బాలునికి అంతరాత్మగా నియమితమైన కీచురాయి పేరు 'జిమినీ క్రికెట్'. యేసుక్రీస్తు నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించరాదని ఆంగ్లభాషీయులు మార్చి పలికే ఊతపదం అది. ఇంతకూ కొల్లోడి గ్రంథంలో ఆ కీచురాయిని బొమ్మ సుత్తి విసిరి మొదటనే చంపివేస్తుంది!

ఇక్కడొక జాగ్రత్త అవసరం. నాథసంప్రదాయంలో మత్స్యేంద్రుడు చేప కడుపులో ఉండి శివుని ఉపదేశం విన్నాడు. యోనాకు అదే కడుపు పశ్చాత్తాపస్థానం. పినోకియోకు అది పితృదర్శనస్థానం. మత్స్యగర్భం ఏ ఒక్క మతానికో చెందిన ప్రతీక కాదు. చీకటిలో మూయబడి మారి బయటపడడమన్న అనుభవానికి మానవజాతి ఇచ్చుకొన్న రూపమది. కనుక చేప కనబడగానే క్రైస్తవమని చాటడం తొందరపాటు. ఆ చిత్రంలో క్రైస్తవమైనది చేప కాదు. యోగ్యుడైనవానికే జన్మ లభిస్తుందని చెప్పి, చివరకు ఆ జన్మను వరంగా ఇప్పించిన క్రమంలో దానిని వెదకాలి. అర్హతకు, కృపకు నడుమ ఉన్న ఈ సందిగ్ధం క్రైస్తవ వేదాంతంలో చిరకాలపు చర్చ. చిత్రం దానిని తేల్చలేదు. తేల్చవలసిన అవసరమూ దానికి లేదు.

అదే సంవత్సరం నవంబరులో వచ్చిన 'ఫాంటాసియా' చివరి ఘట్టం మరింత ఘనమైనది. ముస్సోర్గ్‌స్కీ స్వరరచనకు బోడికొండ శిఖరంపై చెర్నబోగ్ అనే నల్లని దైవం రెక్కలు విప్పుతాడు. సమాధులనుండి లేచిన ప్రేతాలు అతని అరచేతిలో నృత్యం చేస్తాయి. బిల్ టిట్లా అన్న చిత్రకారుడు ఆ ఆకారానికి ఇచ్చిన బరువు, కండరాల కదలిక చూసినవారు మరువలేరు. అంతలో గంట మ్రోగుతుంది. ఒక్కొక్క మ్రోతకు అతడు ముడుచుకొని, తుదకు రెక్కలు కప్పుకొని కొండకొమ్ముగా మారిపోతాడు. పొగమంచులో దీపాలు పట్టిన యాత్రికుల వరుస కదులుతుంది. షూబర్ట్ 'ఆవే మరియా' వినవస్తుంది. అడవిచెట్లు దేవాలయపు కమానులవలె ఒరిగి నిలుస్తాయి. కడపట సూర్యోదయం.

చీకటిపై వెలుగు విజయమని దీనిని వర్ణించి ఊరుకోవడం సులభం. ఐతే రెండు సంగతులు గమనార్హాలు. ముస్సోర్గ్‌స్కీ 1867లో వ్రాసిన మొదటి రూపంలో ఆ గంట లేదు. దానిని అతడు తరువాత చేర్చినాడు. అతని మరణానంతరం రిమ్‌స్కీ-కోర్సకోవ్ 1886లో సిద్ధపరచిన రూపంలో అది స్థిరపడినది. షూబర్ట్ 1825లో కూర్చిన పాట ఆరాధనాగీతంగా పుట్టినది కాదు. వాల్టర్ స్కాట్ కథాకావ్యంలో అజ్ఞాతవాసంలోనున్న ఎలెన్ అనే యువతి ప్రార్థన అది. లాటిన్ ప్రార్థన ఆ రాగానికి తరువాత అమరినది. చిత్రంలో ఆ లాటిన్ కూడా లేదు. రేచెల్ ఫీల్డ్ కొత్తగా వ్రాసిన ఆంగ్లపదాలు వినబడతాయి. అనగా ఆ ఘట్టంలోని ప్రతి పవిత్రవస్తువూ ఒకచోటునుండి మరొకచోటికి అరువు వచ్చినదే. ఐనను ఆ గంట మ్రోగినప్పుడు ప్రేక్షకుని ఒళ్ళు జలదరిస్తుంది. ప్రతీక పుట్టుక వేరు, దాని ఫలం వేరు.

గంటవరకు ఆ ఘట్టం మహాకావ్యం. ఆ తరువాతిది అందమైన పటం మాత్రమే. చెర్నబోగ్‌కు శరీరమున్నది, బాధ ఉన్నది. యాత్రికులకు ముఖాలే లేవు. పాపానికి వ్యక్తిత్వమిచ్చిన కళాకారులు పుణ్యానికి దీపాలు మాత్రమే ఇవ్వగలిగినారు. మిల్టన్‌ను గూర్చి ఆంగ్లవిమర్శకులు చేసిన ఫిర్యాదు ఇక్కడా వర్తిస్తుంది. శాంతరసాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో అలంకారశాస్త్రం చదివినవారికి తెలియనిది కాదు.

అరువు మాట వచ్చినది గనుక జపానును స్మరించక తప్పదు. హిదెయాకి అన్నో దర్శకత్వంలో 1995 అక్టోబరు మొదలు 1996 మార్చి వరకు 26 భాగాలుగా ప్రసారమైన 'నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్'లో క్రైస్తవ, యూదు చిహ్నాలు కుప్పలు తెప్పలు. విస్ఫోటనాలు సిలువ ఆకారంలో లేస్తాయి. లాంగినస్ ఈటె ఉన్నది. ఆదాము, లిలిత్ ఉన్నారు. మూడు గణనయంత్రాలకు బాలయేసును దర్శించిన ముగ్గురు జ్ఞానుల పేర్లు పెట్టినారు. పట్టిక వేసే వ్యాఖ్యాతకు ఇంతకన్న పండుగ లేదు. కాని సహాయదర్శకుడైన కజుయా త్సురుమాకి తరువాత స్పష్టంగానే చెప్పినాడు: జపానులో క్రైస్తవం అల్పసంఖ్యాకుల మతం గనుక ఆ చిహ్నాలు వింతగా, ఆకర్షణీయంగా ఉంటాయని వాడినామే తప్ప వేరు మతార్థం లేదని. క్రైస్తవదేశాలలో ప్రదర్శన జరుగుతుందని ముందే తెలిసి ఉంటే పునరాలోచించేవారమన్నాడు.

ఇందులో అనువాదకులు గుర్తించవలసిన చిక్కు ఒకటున్నది. నగరంపై దాడికి వచ్చే విచిత్రాకారాలను జపనీయులు 'షితో' అన్నారు. ఆ మాటకు అపొస్తలుడని అర్థం. ఆంగ్లంలో అది 'దేవదూత' అయినది. గ్రీకు మూలంలో ఒకటి వార్తాహరుని పేరు, రెండవది పంపబడినవాని పేరు. అర్థాలు పక్కపక్కనే ఉన్నవి. తెలుగు బైబిలు పాఠకునికి మాత్రం దూతకు, అపొస్తలునికి నడుమ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరమున్నది. ఆంగ్లంలోనుండి తెలుగు చేసేవాడు 'దేవదూత' అని వ్రాస్తే జపాను మూలానికి రెండు ఆమడల దూరం జరిగినట్లే.

మరి ఆ రచనలో ఆధ్యాత్మికత శూన్యమా? శూన్యం కాదు, అది సిలువలలో లేదు, అంతే. తండ్రి ప్రేమకు నోచని షింజి అనే బాలుడు ఇతరులను సమీపిస్తే గాయపడతానని, దూరమైతే ఒంటరినవుతానని కుములుతాడు. చివరి రెండు భాగాలలో యుద్ధం మాయమై అతని మనస్సొకటే మిగులుతుంది. తన ఉనికికి అనుమతి కోరే ఆ విలాపం ప్రార్థనకు చాలా దగ్గర. ప్రతీకలున్నచోట అర్థం లేదు. అర్థమున్నచోట ప్రతీక లేదు.

వీటన్నిటికన్న చిన్నది, బీదది ఐన చిత్రం మరొకటి ఉన్నది. 1965 డిసెంబరు 9న అమెరికన్ టెలివిజన్‌లో ప్రసారమైన 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' నిడివి అరగంట లోపు. చార్లెస్ షుల్జ్ 1950నుండి పత్రికలలో గీస్తూ వచ్చిన పాత్రలకు ఆయనే కథ వ్రాసినాడు. బిల్ మెలెండెజ్ దర్శకుడు. ఒక శీతలపానీయ సంస్థ ఖర్చు భరించినది. పండుగ వ్యాపారమై పోయినదని చార్లీ బ్రౌన్ అనే బాలుడు దిగులుపడతాడు. మెరిసే అల్యూమినియం చెట్లనడుమ వాడిపోయిన చిన్న మొక్కను తెచ్చి నవ్వులపాలవుతాడు. క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసునా అని గట్టిగా అడుగుతాడు. అప్పుడు లైనస్ అనే పిల్లవాడు ఖాళీ రంగస్థలం మధ్యకు వచ్చి, దీపం తనపై పడగా, లూకా సువార్త రెండవ అధ్యాయంలోని 8 మొదలు 14 వరకు ఏడు వచనాలు అప్పజెబుతాడు. సంగీతం లేదు. నవ్వుల ధ్వనిముద్రణ చిత్రంలో ఎక్కడా లేదు. బైబిలు చదివించడం టెలివిజన్‌కు తగదని సహచరులు సంకోచించినా షుల్జ్ పట్టు వీడలేదు. ప్రసారసంస్థ అధికారులకూ చిత్రం నచ్చలేదు. ఆ రాత్రి టెలివిజన్ ముందున్నవారిలో దాదాపు సగంమంది దానినే చూసినారు.

ఇక్కడ ప్రతీక ఎక్కడున్నది? వచనాలు వాచ్యమే. లైనస్ చేతిలో ఎప్పుడూ ఒక నీలి దుప్పటి ఉంటుంది. అది లేనిదే అతనికి ధైర్యం చాలదు. ఎవరెంత ఎగతాళి చేసినా దానిని విడువని పిల్లవాడు, గొల్లలను భయపడవద్దని దూత పలికే మాటదగ్గర దానిని జారవిడుస్తాడు. దానివైపు చూడడు, ఎవరూ దానిని గూర్చి మాటాడరు. చాలామంది ప్రేక్షకులు ఏళ్ళతరబడి గమనించనే లేదు. ధ్వని అంటే ఇది. దుప్పటి బైబిలులో లేదు, ఏ మతపు చిహ్నమూ కాదు. ఆ ఒక్క క్షణంలో మాత్రం సువార్త సారమంతా అది మోసినది.

దీనిని కనిపెట్టినవారు అక్కడే ఆగి ధర్మోపన్యాసం చేస్తారు. చిత్రం ఆగలేదు. వల్లించడం ముగియగానే లైనస్ వంగి దుప్పటిని మళ్ళీ తీసుకొంటాడు! విశ్వాసం ఒక్కసారిగా మనిషిని మార్చివేస్తుందని చెప్పదలచినవారికి ఇది ఇబ్బంది. షుల్జ్‌కు పిల్లలు తెలుసు. ఆ దుప్పటినే మరికొంతసేపటికి లైనస్ వాడిన మొక్క మొదలుకు చుట్టబెడతాడు. భయంచేత పట్టుకొన్నది, భయంలేనప్పుడు జారినది, తిరిగి చేతికి వచ్చినది, తుదకు మరొక దుర్బలమైనదానికి ఆసరా ఐనది. ఇంత కథను ఒక గుడ్డపీలికచేత చెప్పించినవాడిని వ్యంగ్యచిత్రకారుడని తక్కువచేయడం ఎట్లా? ఆయన యౌవనంలో చర్చి బోధకుడుగా మెలగి, వయసు మళ్ళిన పిదప ఆ సంస్థలకు దూరమైనాడన్న జీవితవిశేషం కూడా చిత్రాన్ని మార్చదు.

ఈ ఘట్టం తెలుగులోకి రావలసివస్తే అనువాదకుడు ఏ భాష వాడాలి? లైనస్ పలికేది 1611నాటి ఆంగ్లం. ఐదారేళ్ళ పిల్లవాని నోట ఆ పాతభాష పోతన పద్యాన్ని తెలుగు పిల్లవాడు తప్పులేకుండా అప్పజెప్పినట్లుంటుంది. అర్థం సగమే తెలిసినా నాలుక దానికి అలవాటుపడి ఉంటుంది. క్రీస్తు చరిత్రను పద్యంలో చెప్పి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమందిన జాషువాకు ఇటువంటి ప్రశ్నే ఎదురై ఉండాలి. ఆయన ఛందస్సును విడువలేదు. నేటి వాడుకభాషలోకి ఆ ఏడు వచనాలను దించితే పిల్లవాడు సమాచారం చెప్పినట్లుంటుంది. దేవాలయాలలో తరతరాలుగా చదువుతున్న పాత తెలుగు బైబిలు వాక్యమే అక్కడ ఉండాలి, ఆ గ్రాంథికపు క్రియలతో, ఆ దీర్ఘమైన కూర్పుతో. మిగిలిన సంభాషణ అంతా బడిపిల్లల మాటగానే సాగనీయవచ్చును.