ఆకు రాల్చే చెట్టొకటి ఉండాలి

కోనసీమలో చెట్టును చూసి కాలం చెప్పడం కష్టం. కొబ్బరి ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. నెలకు సుమారుగా ఒక కొత్త ఆకు వేస్తుంది, ఒక పాత మట్ట రాలుస్తుంది. మార్గశిరంలో తోట ఎలా ఉందో వైశాఖంలోనూ అలాగే ఉంటుంది. మాకు రుతువులు తెలిసేది చేల వల్ల, కాలవల వల్ల. సార్వా కోతలు, దాళ్వా నాట్లు, వేసవిలో కాలవ కట్టేయడం, మళ్లీ నీళ్లు వదలడం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ సీమలో ఏడాది లెక్కంతా నీళ్లతోనే. పచ్చదనం మా అదృష్టం, కాదనను. కానీ ఎప్పుడూ అదే పచ్చ చూసే కళ్లకు, ఇంటి ముందు ఆకు రాల్చి, కొన్నాళ్లు మోడుగా నిలబడి, మళ్లీ పూలతో లేచే చెట్టు ఒకటి ఉండాలని నా నమ్మకం. మా అల్లవరం నేలకీ గాలికీ తగినది ఏదని ఎవరడిగినా నేను దేవగన్నేరు పేరే చెబుతాను.

రేల పసుపుపచ్చగా కన్నులపండువగానే పూస్తుంది గానీ వాసన అంతంత మాత్రం. తురాయికి రంగుంది, పరిమళం లేదు, పైగా గట్టి గాలికి కొమ్మలు ఫెళఫెళా విరుగుతాయి. దేవగన్నేరులో రెండూ ఉన్నాయి. ఓడలరేవు, కొమరగిరిపట్నం వైపు ఇసుక నేలల్లో నీరు నిలవదు, సముద్రపు గాలి ఉప్పు మోసుకొస్తుంది. ఈ చెట్టుకు అలాంటి చోటు ఇష్టమే. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ఎండల్లో పుట్టిన జాతి ఇది. దాని శాస్త్రీయ నామం ప్లుమేరియా, 1704లో కన్నుమూసిన ఫ్రెంచి వృక్ష శాస్త్రవేత్త చార్ల్స్ ప్లూమియే పేరు మీద వచ్చింది. ఇప్పుడది లావోస్‌కు జాతీయ పుష్పం, నికరాగువాకూ జాతీయ పుష్పం. మన దగ్గర గుడి ప్రాంగణాల్లో స్థిరపడిపోయింది. ఎక్కడో పుట్టి వచ్చిందని ఇవాళ ఎవరికీ గుర్తు లేదు, గుర్తు పెట్టుకోవలసిన పనీ లేదు.

మా ఊళ్లో దాని ఏడాది ఇలా సాగుతుంది. సార్వా కుప్పలు నూర్చే రోజుల్లో ఆకులు పసుపు తిరుగుతాయి. సంక్రాంతి వెళ్లేసరికి చాలా మటుకు రాలిపోతాయి. మాఘమాసంలో మొండి కొమ్మలు తప్ప ఏమీ ఉండవు. అప్పుడు దగ్గరికి వెళ్లి చూడండి. బూడిద రంగు కొమ్మల నిండా, ఆకు ఊడిన ప్రతి చోటా అర్ధచంద్రాకారపు మచ్చ కనిపిస్తుంది. కొసలు మొద్దుగా, ఉబ్బి ఉంటాయి. ఎండ ముదిరాక ఆ కొసల్లోంచే మొగ్గ గుత్తి బయటికొస్తుంది. మొగ్గ మడిచిన గొడుగులా మెలితిరిగి ఉంటుంది, విచ్చుకున్నాక అయిదు రేకులూ ఒకదాని అంచు మీద ఒకటి పడతాయి. దాళ్వా కోతలై, కాలవలు కట్టేసి, ఊరంతా దుమ్ము పట్టి ఉన్న రోజుల్లో ఈ ఒక్క చెట్టు నిండుగా పూసి నిలబడుతుంది. వానలు పడేసరికి ఆకులు గుబురుగా వచ్చేస్తాయి, పూలు మాత్రం శరత్కాలం దాకా వస్తూనే ఉంటాయి.

ఇంకో సంగతి గమనించండి. కొమ్మ కొసన పూల గుత్తి వచ్చాక ఆ కొస ఇంక పొడుగు సాగదు. దాని కింద నుంచి రెండు మూడు కొత్త కొమ్మలు చీలతాయి. అందుకే చెట్టుకు ఆ గొడుగు ఆకారం వస్తుంది. అందుకే దీన్ని ఇష్టం వచ్చినట్టు నరకకూడదు. కొసలు కొట్టేస్తే ఆ కొమ్మల మీద వచ్చే వేసవికి పూలు రావు.

మొక్క కొనుక్కుంటామంటే జొన్నాడ వంతెన దాటి కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్లండి, రకరకాలు దొరుకుతాయి. వెళ్లినవాళ్లు పువ్వు రంగు చూసి మురిసిపోతారు. నా మాట వింటే ముందు ఆకు చివర చూడండి. చివర కోసుగా ఉంటే అది రుబ్రా రకం, శీతాకాలంలో పూర్తిగా ఆకు రాలుస్తుంది. తెలుపులో పసుపు, గులాబీ, ఎరుపు అన్నీ ఇందులోనే ఉన్నాయి. చివర గుండ్రంగా, ఆకు ముదురాకుపచ్చగా మెరుస్తుంటే అది అబ్ట్యూసా. మనలాంటి తేమ చోట ఏడాదంతా దాదాపు ఆకుతోనే ఉంటుంది. ఇక పుడికా అని ఒకటి అమ్ముతున్నారు. ఆకు పాము పడగలా వెడల్పవుతుంది, తెల్లగా విరగబూస్తుంది, వాసన మాత్రం లేనట్టే. అపార్ట్‌మెంటు గేటు దగ్గర అందానికి అది చాలు. కాలం తెలియాలి, పరిమళం కావాలి అనుకునే ఇంటికి రుబ్రాయే.

నిజానికి కొననక్కర్లేదు. మాఘంలో అంతర్వేది తీర్థం రోజులకు చెట్టు మోడుగా ఉంటుంది, కొమ్మ తీయడానికి అదే అదను. బొటనవేలికంటే లావున్న ముదురు కొమ్మ, మూరెడు పొడుగున, పదునైన కత్తితో ఒక్క వేటుకు కోయాలి. పాలు ధారగా కారతాయి. గన్నేరు కుటుంబపు చెట్టు కనుక ఆ పాలు కంట్లో పడనివ్వకూడదు, చేతులు వెంటనే కడుక్కోవాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కోసిన కొమ్మను వెంటనే పాతితే కుళ్లుతుంది. వారం పది రోజులు వసారాలో నీడన ఆనించి ఉంచితే కోత దగ్గర పాలు గడ్డకట్టి, చర్మం ముడుచుకుని గట్టిపడుతుంది. వేలితో నొక్కితే తడి తగలకూడదు. అప్పుడు రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు పెంటమట్టి కలిపి, బెత్తెడు లోతున నాటి, ఊగకుండా కర్రకు కట్టి, ఒకసారి నీళ్లు పోసి వదిలేయాలి. కొమ్మలో దాచుకున్న సత్తువతో ముందు చిన్న ఆకులు వస్తాయి. వాటిని చూసి వేరు పట్టిందనుకుని లాగి చూడకండి. వేళ్లు కుదురుకోవడానికి ఆరేడు వారాలు పడుతుంది.

నీళ్లు పుష్కలంగా ఉన్న సీమలో కష్టమంతా ఇక్కడే. మోడును చూసి మనవాళ్ల చెయ్యి ఊరుకోదు, బిందెలతో పోస్తారు. కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన ఒకాయన మా దొడ్డిలో చెట్టు చూసి, “ఆయ్, ఇది సచ్చిపోయిందండి బాబూ, కొట్టించేద్దురూ,” అన్నాడు. గోటితో కొమ్మ కొసన కాస్త గీకి, లోపలి పచ్చను చూపించాను. నిద్రపోతున్న చెట్టుకు నీళ్లు అక్కర్లేదు. ఆకు లేని చెట్టు నీటిని పీల్చుకోలేదు, తడి నేలలో వేరు మెత్తబడి కుళ్లుతుంది. కొత్త ఆకు కొసన కనబడే దాకా ఆగడమే దీని సేద్యంలో సగం పని. వానాకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకుల్ని ఏరి తగలబెట్టండి, చెట్టు చుట్టూ గాలి ఆడనివ్వండి.

కొబ్బరి తోట మధ్యలో మాత్రం పెట్టకండి. నీడలో ఆకులే తప్ప పువ్వు రాదు. వీధి వైపు, ఎండ పడే గట్టు మీద, నీరు జారిపోయే చోట పెట్టండి. రొయ్యల చెరువులో తీసిన మట్టి తెచ్చి మొదట్లో పోయకండి. ఉప్పు గాలిని తట్టుకుంటుంది గానీ వేరుకు ఉప్పు మట్టి చుట్టుకుంటే ఏ చెట్టయినా చిక్కిపోతుంది.

సాయంత్రం చీకటి పడే వేళకు వాసన చిక్కబడుతుంది, రాత్రి ఇంకా ఎక్కువ. చీకట్లో తిరిగే పెద్ద రెక్కల పురుగుల్ని పిలవడానికే ఆ పరిమళం. వచ్చిన పురుగు పువ్వు పువ్వుకూ తిరుగుతుంది, ఎక్కడా తేనె దొరకదు, పుప్పొడి మాత్రం మోస్తుంది. కాయ పట్టడం అరుదు. పట్టినా, విత్తనం మొక్క తల్లి రంగునే పూస్తుందన్న నమ్మకం లేదు. ఈ చెట్టు కొమ్మ ద్వారా చేయి మారుతూనే బతుకుతోంది.

1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ కొబ్బరి ఎలా పడిపోయిందో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పడిన కొబ్బరిచెట్టు మళ్లీ లేవదు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. దేవగన్నేరు కొమ్మ విరిగితే అదే మళ్లీ మొక్కవుతుంది. కొబ్బరి అన్నం పెడుతుంది, దానికి ఇది పోటీ కాదు. కాయ కాయని చెట్టుకు చోటెందుకని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. నలభై కొబ్బరిచెట్లున్న దొడ్డిలో, ఏడాది మారుతోందని చెప్పే చెట్టుకు నాలుగు గజాలు ఇవ్వలేనంత ఇరుకు ఎవరికీ లేదు.

మీ ఊరి గుడిలోనో, బడి ప్రాంగణంలోనో పాత దేవగన్నేరు ఉండే ఉంటుంది. ఈ మాఘమాసంలో అక్కడి పెద్దల్ని అడిగి ఒక్క కొమ్మ తెచ్చుకోండి. మీ చెట్టు ఎదిగాక ఎవరైనా అడిగితే కాదనకుండా ఇవ్వండి, ఇచ్చేటప్పుడు పాలు ఆరేదాకా నాటవద్దని చెప్పడం మరచిపోకండి.