నోటీసు గడువే సరుకును ఎంచుతుంది

ఊరి నడిబొడ్డున మూతపడ్డ కొట్లలో తాత్కాలికంగా దుకాణాలు పెట్టించే విషయంలో న్యూకాజిల్‌నూ శాన్‌ఫ్రాన్సిస్కోనూ ఒకే గాటన కట్టేస్తుంటారు. రెంటినీ నడిపించిన భయాలు మాత్రం వేరు.

ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌ను 1989లో భూకంపం కుదిపింది. పదేళ్లకు బీహెచ్‌పీ ఉక్కు కర్మాగారం మూతపడింది. బేరాలు శివారు మాల్స్‌కు మళ్లాయి. హంటర్ స్ట్రీట్‌లో దించిన షట్టర్లు చూసి, 2008లో మార్కస్ వెస్ట్‌బరీ రెన్యూ న్యూకాజిల్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆయన ముందుగా పట్టుకున్నది యజమాని భయాన్ని. లీజు రాసిస్తే మంచి బేరం వచ్చినప్పుడు ఖాళీ చేయించడం కష్టం. అద్దె తగ్గిస్తే ఆస్తి విలువే తగ్గుతుంది. అందుకే లీజు మాటే ఎత్తకుండా, వాడుకోవడానికి అనుమతి మాత్రం తీసుకున్నారు. ముప్పై రోజుల నోటీసిస్తే ఖాళీ చేయాల్సి వచ్చేది. మార్కెట్ అద్దె ఉండేది కాదు. సంస్థకు వారంవారం చిన్న రుసుము కడితే సరిపోయేది. కాగితం మీద ఇంత తెలివైన పని నాకు మరెక్కడా కనబడలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కోవిడ్ తర్వాత కరువైంది ఆఫీసు జనం. 2023లో నగరపాలక సంస్థ డబ్బుతో, ఎస్‌ఎఫ్ న్యూ డీల్ అనే సంస్థ నిర్వహణలో వచ్చిన వేకెంట్ టు వైబ్రెంట్ పథకం వ్యాపారి భయాన్ని పట్టుకుంది. తొలి విడతలో 9 చోట్ల 17 వ్యాపారాలు. మూడు నెలలు అద్దె లేదు, పైగా చేతికి గ్రాంటు. యజమానికీ కొంత ముట్టజెప్పారు. ప్రజాధనంతో భవన యజమానులను బుజ్జగించడం నాకంతగా రుచించదు.

అయినా వ్యాపారి వైపు నుంచి చూస్తే నా ఓటు శాన్‌ఫ్రాన్సిస్కోకే. నెల నోటీసు మీద ఎవరూ పొయ్యి కట్టరు, పైపులు వేయించరు. నగలు చేసేవాళ్లకూ బొమ్మలు గీసేవాళ్లకూ ఆ ఏర్పాటు సరిపోతుంది. సరుకంతా ఒక వ్యానులో సర్దుకుపోవచ్చు. న్యూకాజిల్‌లో కళాకారులు ముందుకు రావడానికి ఊరి అభిరుచి ఎంత కారణమో, ఆ నోటీసూ అంతే కారణం. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాఫీ, బేకరీ వాళ్లూ దిగారు. మొదటినుంచీ చూపు లీజు మీదే ఉంది కనుక, కొందరు తర్వాత దీర్ఘకాలిక లీజులకు కుదురుకున్నారు. అయితే మూడు నెలల్లో బేకరీకి వాడుకదార్లు ఏర్పడతారే గాని, ఓవెన్‌కు పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఆ గడువును ఏడాదికి పెంచి, యజమానికిచ్చే సొమ్మును అందుకు వాడితే సరిపోయేది.