పొరుగువాడెవడు?

చర్చి చరిత్రలు 1878 జులై 3ను మరవవు. ఆ ఒక్కరోజే ఒంగోలు మిషన్‌లో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. దీన్నంతా క్లౌ దొర ప్రేమఫలంగా రాసేశారు. మరి అంతకుముందు సంగతేంటని మేము అడుగుతున్నాం. ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆయన కూలిచ్చాడు. కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. నిజమే. కానీ మట్టి మోసింది మనవాళ్లు. పని చూస్తూ, ఆకలిగొన్నవాళ్లకు ధైర్యం చెప్పింది మన బోధకులు. వాళ్ల సేవ చరిత్రలో సేవగా ఎక్కలేదు. ఊరు ఏనాడూ మాదిగపల్లెను పొరుగనుకోలేదు. అలాంటిచోట పొరుగుప్రేమంటే దానం కాదు, పనీ కూలీ. మాలలకో గుడి, మాదిగలకో గుడి కట్టుకున్న సంఘాలు ఏ నోటితో పొరుగువాణ్ణి ప్రేమించమంటాయి?