పిలిచినదెవ్వరు?

ప్రోగ్రాము కూలిన చోటనే దాని దోషము దొరకుట అరుదు. కూలిన ఫంక్షనును ఏది పిలిచెనో, ఆ పిలిచినదానిని మరి యేది పిలిచెనో, ఆ పరంపర యంతయు కన్నులకు కట్టిననాడుగాని తప్పు ఎచ్చట పుట్టి ఎచ్చటికి ప్రాకినదో తెలియదు. ఎక్కడెక్కడి యంత్రములలోనో కూలిన ప్రోగ్రాముల యవశేషములను బెజవాడలో కూర్చుండి చదువుట నాకు జీవిక గనుక, తెగిన పరంపరను మరల కూర్చు ఈ విద్యయందు నాకు పక్షపాతము మెండని మొదటనే మనవి చేసికొనుచున్నాను.

ఒక ఫంక్షను వేరొకదానిని పిలుచునపుడు, పని ముగిసిన పిదప ఎచ్చటికి మరలి రావలెనో ఆ చిరునామా స్టాకు అను స్మృతిభాగములో నిలుచును. దీనిని రిటర్న్ అడ్రసు అందురు. పూర్వాచారము ననుసరించు ఫంక్షను, తన్ను పిలిచినదాని భాగము స్టాకులో ఎచ్చట మొదలగునో చెప్పు గుర్తును, అనగా ఫ్రేమ్ పాయింటరును, కూడ భద్రపరచును గనుక, డీబగ్గరు ఆ గుర్తుల వెంట నడచి తుదివరకు చేరుట సులభము. ఒక రిజిస్టరు మిగులునను నాశతో కంపైలర్లు ఈ యాచారమును విడిచినవి. బదులుగా, ఏ యాజ్ఞ వద్ద స్టాకు ఎంత పెరిగియుండునో తెలుపు డ్వార్ఫ్ పట్టికలను ప్రోగ్రామునకు జతచేయుచున్నవి. అవి చేతి కందినచో చింత లేదు.

అందనపుడే చిక్కు. కూలిన యంత్రము తన స్మృతి సర్వస్వమును పంపదు. మినీడంపు అను చిన్న ఫైలులో సాధారణముగ రిజిస్టర్లు, థ్రెడ్ల స్టాకులు, అప్పుడు లోడై యున్న మాడ్యూళ్ల జాబితా మాత్రమే యుండును. ఆ స్టాకైనను హద్దు మీరి వ్రాసిన బఫరుచేత చెరిగియుండవచ్చును. గూగుల్ వారి బ్రేక్‌ప్యాడ్ వంటి సాధనము మొదట పట్టికలను, అవి లేనిచో ఫ్రేమ్ పాయింటరును, అదియు లేనిచో స్కానును ఆశ్రయించును: స్టాకులోని సంఖ్యల నొక్కొక్కటిగా పరికించి, ఏది యొక మాడ్యూలు కోడులో పడునో దానిని రిటర్న్ అడ్రసుగా ఊహించును. ఇందు అపాయము మెండు. ఎన్నడో ముగిసిన ఫంక్షన్ల చిరునామాలను స్టాకునుండి ఎవ్వరును తుడువరు. అవియు ఒకప్పటి నిజమైన పిలుపులే, ఈ పతనముతో మాత్రము వానికి సంబంధము లేదు.

మన ప్రాంతపు చరిత్రకారులకు ఈ సంకటము క్రొత్తది కాదు. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములలో పెక్కు, కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు, జయసింహుడు 33, ఇంద్రభట్టారకుడు 7 దినములు అని ఎవరి పిదప ఎవరు ఎంతకాల మేలిరో ఏకరువు పెట్టును. రెండవ అమ్మరాజు పట్టాభిషేకమునకు చెప్పిన శకవర్షము 867 (క్రీ.శ. 945) వంటి స్థిరమైన తేదీలు అట్టి వరుసకు ఊతములు. జె.ఎఫ్. ఫ్లీటు 1891లో ఇండియన్ యాంటిక్వరీలో ఈ వంశపు కాలక్రమమును పేర్చబూనినపుడు, నరేంద్రమృగరాజు ఏలుబడి ఒక శాసనములో 40, ఒకదానిలో 44, మరియొకదానిలో 48 ఏండ్లుగ కనబడుచుండెను. పైగా విష్ణువర్ధన, విజయాదిత్య నామములు తరతరమునకు మరల మరల వచ్చుచుండును. ఏ విష్ణువర్ధనుడో తేల్చక పేరు చూచి మురిసినవానికి వరుస యంతయు తారుమారగును. మా వృత్తిలో దీనికి విరుగుడు, ప్రతి బిల్డునకును వేరుగ నుండు గుర్తు, అనగా బిల్డ్ ఐడి. కూలిన బిల్డునకు సరిగ సరిపడు సింబల్ ఫైలునే వాడవలెను. గతవారపు బిల్డు సింబల్స్ తగిలించినచో చిరునామాలకు పేర్లు దొరకుచునేయుండును, కథ చక్కగనే నడచును, కాని అది జరుగని కథ.

బ్రేక్‌ప్యాడునందు నేను మిక్కిలి మెచ్చుకొను గుణమొకటి కలదు: ప్రతి లంకెకును దానిని తా నెట్లు కనుగొన్నదో, పట్టికవలననా, ఫ్రేమ్ పాయింటరు వలననా, స్కాను వలననా, ప్రక్కన వ్రాసి చూపును. స్కానుచే దొరకిన ఇరువది వరుసల సొగసైన పరంపరకంటె, మూడు వరుసలు చెప్పి నాలుగవదానికడ రెండు ప్రశ్నార్థకములు పెట్టి ఆగిన జీడీబీ అను డీబగ్గరు నాకు ప్రియతరము. అధికారులకు మొదటిదే నచ్చునని వేరుగ చెప్పనేల?

పట్టికలన్నియు ఉన్నను మెలకువ తప్పదు. రిటర్న్ అడ్రసు పిలుపు తరువాతి యాజ్ఞను చూపును. తిరిగిరాని అబార్ట్ వంటిదానిని తన చివరి యాజ్ఞతో పిలిచిన ఫంక్షను విషయమున ఆ చిరునామా పొరుగు ఫంక్షనులో పడవచ్చును. కావున డీబగ్గరు ఒకటి తీసివేసి పేరు వెదకును. ఇంత పెద్ద విద్యకు ఇంత చిన్న లెక్క!

2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 తమ ప్యాకేజీలకు ఫ్రేమ్ పాయింటర్లను మరల తెచ్చినవి. ముఖ్యముగ ప్రొఫైలింగు కొరకు చేసిన పనియైనను, నావంటివారికిని మేలే. అయినను టెయిల్ కాల్ అనబడు పిలుపు వానికిని దొరకదు. అందు ఫంక్షను తన తుదిపనిని వేరొకదాని కప్పగించి, తన చోటునే దానికి విడిచి, స్టాకునుండి తొలగిపోవును. తగిన డీబగ్ సమాచార మున్నచో, పై ఫంక్షనునుండి క్రింది ఫంక్షనునకు ఏ మార్గములు సాధ్యమో జీడీబీ గణించి, మార్గ మొక్కటే యైనచో నడిమి ఫంక్షన్లను నిలుపును. పెక్కు మార్గము లున్నచో, వానియందు నిస్సందేహమైన భాగమును మాత్రము చూపి, తక్కినదానిని విడిచిపెట్టును.